ఆటోనగర్ బ్లాస్టింగ్ షెడ్డు: పాత స్కూటర్ రంగు తీయించడానికి ఎంతవరకు నమ్మవచ్చు

విజయవాడ ఆటోనగర్‌లో లోహం మీది పాత రంగు తీసిపెట్టే షెడ్లకు కొదవ లేదు గానీ, వాటిలో చాలావాటికి పని అంటే లారీ చాసిస్, టిప్పర్ బాడీ, ట్రాక్టర్ ట్రాలీ. మందపాటి ఇనుముకు అలవాటుపడిన ఆ చేతుల్లో పాత స్కూటర్ రేకులు పెడితే, రంగుతో పాటు రేకు సొంపు కూడా పోయి తిరిగి రావడం అరుదేమీ కాదు. 1980ల నాటి బజాజ్ చేతక్ ఒకదాన్ని పూర్తిగా విప్పి, దాని బాడీని, పక్క డోములను, ముందు మడ్‌గార్డును, ఇంజన్ కేసింగులను ఒక చిన్న బ్లాస్టింగ్ షెడ్డుకు, అంటే గాలి ఒత్తిడితో గట్టి రేణువులను కొట్టి రంగు తీసే చోటికి, ఇచ్చి తెచ్చుకున్న అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కాబట్టి షెడ్డు పేరు రాయడం లేదు. ఇలాంటి పని చేసే చోటు ఏదైనా, విజయవాడలో గానీ గుంటూరులో గానీ, ఇవే విషయాలు చూసుకుని ఎంచుకోవచ్చు.

ఈ షెడ్డులో నాకు నచ్చినది వాళ్ళు రేటు చెప్పకముందు చేసిన పని. నేను తీసుకెళ్ళిన సామాను మొత్తాన్ని యజమాని ఒక గోనెపట్టా మీద పరిపించి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఒక్కొక్కదానికీ తాకించి చూశారు. అంటుకున్నవి ఒక పక్కకు, అంటుకోనివి ఇంకో పక్కకు చేరాయి. అంటుకోనివాటిని మళ్ళీ చేతిలో బరువు చూసి, వెనకవైపు కత్తి మొనతో సన్నగా గీసి, అల్యూమినియం ఏదో, జింకు మిశ్రమంతో పోతపోసినది ఏదో వేరు చేశారు. కార్బురేటర్‌ను మాత్రం, "ఇది మా దగ్గర చేసే పని కాదండీ, తీసుకెళ్ళిపోండి" అని తిరిగి నా సంచిలోనే వేశారు. క్రోమ్ పూత ఉన్న చిన్న భాగాలు, పసుపు మెరుపున్న పాత బోల్టులు కూడా అలాగే వెనక్కి వచ్చాయి. గుమ్మంలోకి వచ్చిన పనిని కాదనడం ఆటోనగర్‌లో తరచుగా కనిపించే గుణం కాదు. ఆ మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి. వాటి సంగతి ముందుకు పోయాక రాస్తాను.

పైన ఏ పూత ఉందో తెలియకుండా పని మొదలుపెడితే మనిషికి హాని, కింద ఏ లోహం ఉందో తెలియకుండా మొదలుపెడితే వస్తువుకు హాని. చౌకగా జరిగే కాస్టిక్ సోడా తొట్టి పద్ధతినే తీసుకోండి. వేడినీళ్ళలో కాస్టిక్ కలిపి ఇనుప భాగాన్ని ముంచితే పాత ఎనామెల్ మెత్తబడి, ముడతలుపడి, పొరలుగా ఊడివస్తుంది; ఇనుముకు పెద్దగా నష్టం ఉండదు. అదే తొట్టిలో అల్యూమినియం కేసింగ్ పడిందంటే మాత్రం లోహమే కరగడం మొదలై బుసబుసమని హైడ్రోజన్ వెలువడుతుంది. పక్క షెడ్డులో గ్యాస్ కటింగో, వెల్డింగో నడుస్తూ ఉండే చోట ఆ వాయువు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. జింకు కూడా కాస్టిక్‌లో కరుగుతుంది కాబట్టి కార్బురేటర్‌కూ అదే గతి పడుతుంది.

పూర్తిగా ఇనుప రేకుతోనే చేసిన చేతక్ బాడీకైనా ఈ తొట్టిని నేను ఒప్పుకోను. అందులో రేకు మీద రేకు పెట్టి వెల్డింగ్ చేసిన అతుకులు, లోపల గుల్లగా ఉండే మధ్య భాగం ఉన్నాయి. ఆ సందుల్లోకి దిగిన కాస్టిక్‌ను ఎంత కడిగినా పూర్తిగా బయటకు రప్పించడం కష్టం. కొత్త రంగు వేసి బండి రోడ్డెక్కిన కొంతకాలానికి అది అతుకుల వెంట చెమర్చి, రంగును లోపలి నుంచి పొక్కులుగా లేపుతుంది, నింద మాత్రం పెయింటర్ మీద పడుతుంది. ఇంట్లో చిన్న ఇనుప భాగాల కోసం కాస్టిక్ కలుపుకోదలచినవారు నీళ్ళలో కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయాలే తప్ప కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. పుట్టిన వేడికి ద్రావణం ఎగజిమ్మి కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

హార్డ్‌వేర్ దుకాణాల్లో డబ్బాల్లో అమ్మే పెయింట్ రిమూవర్ మరో దారి. వీటిలో వేగంగా పనిచేసే పాత రకాల్లో ఉండేది మిథిలీన్ క్లోరైడ్. బ్రష్‌తో పూసిన కాసేపటికే రంగు ముడుచుకుని లేస్తుంది కాబట్టి పెయింటర్లకు అదంటే ఇష్టం. కానీ దాని మరుగు స్థానం దాదాపు 40 డిగ్రీల సెల్సియస్. మే నెల మధ్యాహ్నం బెజవాడలో నీడపట్టునే అంతకు మించిన వేడి ఉండే రోజులు వస్తాయి. రేకుల కప్పు కింద ఆ డబ్బా మూత తీస్తే ద్రవం కంటే ముందు ఆవిరి బయటపడుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది గనుక పైకి పోకుండా నేల మట్టంలో పరుచుకుని, పీట మీద కూర్చుని గీకే మనిషి ముఖం దగ్గరే నిలుస్తుంది. పీల్చినదానిలో కొంత శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గాలి ఆడని స్నానపు గదుల్లో తొట్టెల రంగు తీస్తూ అమెరికాలో పనివాళ్ళు చనిపోయిన ఉదంతాలున్నాయి. అక్కడి పర్యావరణ సంస్థ 2019లో సామాన్య వినియోగదారులకు ఈ రకం రిమూవర్ల అమ్మకాన్ని నిషేధించి, 2024లో ఆ ఆంక్షలను ఇంకా విస్తరించింది. ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుందే గానీ ఆవిరిని ఆపదు. మందుల దుకాణంలో దొరికే పలుచని రబ్బరు తొడుగుల్లోంచి ఈ ద్రావకం నిమిషాల్లో చర్మానికి చేరుతుంది.

ఈ షెడ్డువాళ్ళు రిమూవర్‌ను పూర్తిగా మానలేదు. డెంటింగ్ చేసి పుట్టీ దట్టంగా పట్టించిన చోట్ల మాత్రం, ఆరుబయట, పొద్దున్నే కొద్దిగా పూస్తారు. "వేసవిలో ఆ డబ్బా మూతే తియ్యమండీ" అన్నారు యజమాని. పుట్టీ సంగతిలో వాళ్ళకు వేరే దారి ఉంది గనుక అది నమ్మదగిన మాటే: పుట్టీ మీద బ్లాస్టింగ్ నెమ్మదిగా సాగుతుంది, అక్కడే ఎక్కువసేపు కొడితే చుట్టూ ఉన్న పలుచని రేకు దెబ్బతింటుంది కాబట్టి, ముందుగా స్క్రాపర్‌తో లేపేసి మిగిలినదాన్ని బ్లాస్టింగ్ గదిలోకి పంపుతారు.

బ్లాస్టింగ్ చేయించేవారు ఏ చోటికి వెళ్ళినా అడగవలసిన మొదటి ప్రశ్న, ఇసుక వాడతారా అని. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో ఇసుక మీదికి మనసు పోవడం సహజమే. కానీ ఇసుకలో ఎక్కువ భాగం సిలికా. గాలి ఒత్తిడితో లోహానికి కొట్టుకుని పగిలినప్పుడు అది కంటికి ఆనని పొడిగా మారి ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్‌ను తెస్తుంది. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. బ్రిటన్ 1949 నిబంధనలతోనే ఇలాంటి పనిలో ఇసుకను నిషేధించింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో పెట్టింది. ఈ షెడ్డులో ఇనుముకు గార్నెట్, అల్యూమినియానికి గాజు పూసలు వాడుతున్నారు. గార్నెట్ అంటే మన శ్రీకాకుళం తీరపు ఇసుకల్లోనూ దొరికే ఎర్రటి గట్టి ఖనిజం. సంచులు చూపించమని అడిగితే విసుక్కోకుండా చూపించారు. అడగడానికి వినియోగదారుడు మొహమాటపడవలసిన పని లేదు.

పలుచని రేకు వంకరపోయేది వేడి వల్లనే అని చాలామంది అనుకుంటారు. నిజానికి గట్టి రేణువు తగిలిన ప్రతిచోటా రేకు పై పొర సూది మొనంత మేర సాగుతుంది. ఒక వైపే వేలాది దెబ్బలు పడి ఆ పొర సాగిపోతే రేకు ఉబ్బి, వేలితో నొక్కితే డబ్బా మూతలాగా టపటపమంటుంది. లారీ చాసిస్‌కు వాడే ఒత్తిడితో, నాజిల్‌ను నిటారుగా పట్టుకుని డోము మధ్యలో కొట్టినవాడికి ఇది తప్పదు. ఇక్కడి ఆపరేటర్ ఒత్తిడిని సగానికంటే తగ్గించి, నాజిల్‌ను దూరంగా, ఏటవాలుగా పట్టుకుని, ఒకే చోట ఆగకుండా అంచుల నుంచి లోపలికి వచ్చారు. డోముల మధ్య చదునుగా ఉన్న భాగంలో రంగు పూర్తిగా పోకముందే ఆపేసి, మిగిలిన పలుచని పొరను తడి ఎమరీ కాగితంతో చేత్తో తీశారు. ఇంటికి తెచ్చాక స్కేలు పెట్టి చూస్తే రెండు డోములూ తిన్నగానే ఉన్నాయి. మడ్‌గార్డు కింది అంచున తుప్పు తినేసిన చోట రెండు చిల్లులు బయటపడ్డాయి. అవి బ్లాస్టింగ్ చేసిన చిల్లులు కావు, ఇన్నాళ్ళూ పుట్టీ కింద దాక్కున్నవి.

చాసిస్ నంబరు గురించి వాళ్ళు అడగలేదు, నేనే చెప్పవలసి వచ్చింది. ఇది చిన్న లోపం కాదు. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు రవాణా శాఖ తనిఖీలో చాసిస్ మీద చెక్కిన నంబరును పరిశీలిస్తారు. తుప్పుకు ఇప్పటికే లోతు తగ్గిన అక్షరాల మీద గార్నెట్ కొడితే అవి చెదిరిపోయి యజమాని చిక్కుల్లో పడతాడు. నేను అడిగాక రెండు వరుసల మందపాటి టేపు, దాని మీద రబ్బరు ముక్క అంటించి ఆ భాగాన్ని కప్పారు. మీరు ఇచ్చేముందే ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని, ఫొటో కూడా తీసి ఉంచుకోవడం మంచిది. బండి రంగు మారుస్తున్నవారు ఆ మార్పును ఆర్.సి.లో నమోదు చేయించాలని కూడా ఇక్కడే గుర్తుచేస్తున్నాను.

అల్యూమినియం కేసింగుల పని ఈ షెడ్డు అసలు సామర్థ్యాన్ని చూపింది, కొంత అలసత్వాన్నీ చూపింది. ఇనుముకు వాడిన గార్నెట్‌ను అల్యూమినియానికి వాడితే అందులో కలిసిన తుప్పు రేణువులు మెత్తని లోహంలో గుచ్చుకుని, తర్వాత ఎర్రటి మచ్చలుగా బయటపడతాయి. అంతకన్నా పెద్ద చిక్కు, సన్నని అల్యూమినియం పొడి, తుప్పు పొడి ఒకే పెట్టెలో కలిసి పేరుకుంటే ఒక నిప్పురవ్వతో తీవ్రంగా మండగలవు. వీళ్ళు అల్యూమినియానికి వేరే క్యాబినెట్, వేరే పూసలు పెట్టుకోవడం ఆ తెలివితోనే. బేరింగులు కూర్చునే గుండ్రటి పీటలకు టేపు చుట్టి, ఆయిల్ దారులకు రబ్బరు బిరడాలు బిగించి మరీ పూసలు కొట్టారు. కేసింగ్ పాత నూనె మరకలు పోయి, ఒకే తీరు లేత బూడిద రంగుతో తిరిగి వచ్చింది. అయితే బోల్టు రంధ్రాల్లో ఒకదాన్ని మూయడం మరిచారు. సన్నని తీగ చివర గుడ్డ చుట్టి తిప్పితే అడుగు నుంచి చిటికెడు గాజు పూసలు రాలాయి. అలాంటి ఒక్క చిటికెడు ఇంజన్‌లోకి చేరితే క్రాంక్ బేరింగును నాశనం చేస్తుంది. బ్లాస్టింగ్ అయి వచ్చిన ఇంజన్ భాగం ఎంత శుభ్రంగా కనిపించినా, ప్రతి రంధ్రాన్నీ వేడి సబ్బునీళ్ళతో, బ్రష్‌తో కడిగి, గాలి పట్టించి చూసుకోనిదే బిగించవద్దు.

ఇక నా ప్రధానమైన అభ్యంతరం దుమ్ము గురించి. గదిలో ఆపరేటర్ బయటి నుంచి గాలి గొట్టం వచ్చే హెల్మెట్ పెట్టుకున్నారు; అది సరైన పద్ధతే. గది తలుపు తీసి, నేల మీద పడిన గార్నెట్‌ను చీపురుతో ఊడ్చి జల్లెడ పట్టే కుర్రాడికి మాత్రం ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలే దిక్కు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పసుపు, నారింజ ఛాయలకు లెడ్ క్రోమేట్, తుప్పు పట్టకుండా కింద పూసే ప్రైమర్‌గా రెడ్ లెడ్ వాడిన కాలమది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన వచ్చిందే 2016లో, అది కూడా గృహ, అలంకరణ రంగులకే. బండ్ల మీద దశాబ్దాల క్రితం పడిన రంగుల లెక్క వేరు. కాబట్టి పాత రంగు అంటే సీసం ఉన్నట్టే అనుకుని పనిచేయడం క్షేమం. సీసం పొడి ఊపిరితో పాటు చేతుల ద్వారా, బట్టల ద్వారా కూడా ఇంటికి చేరుతుంది. చిన్నపిల్లలకు దాని హాని పెద్దలకంటే చాలా ఎక్కువ. ఆ కుర్రాడు అవే చేతులతో పక్కనున్న బడ్డీ దగ్గర టీ గ్లాసు పట్టుకోవడం చూశాక, షెడ్డు పనితనానికి ఇవ్వదలచిన మార్కుల్లో కొన్ని తగ్గించక తప్పలేదు. యజమానికి ఈ మాట నేరుగానే చెప్పాను. మంచి మాస్కు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, పని బట్టలు అక్కడే విడిచి వెళ్ళే ఏర్పాటు, వాటితో పోల్చితే కంప్రెసర్ డీజిలు ఖర్చే ఎక్కువ.

వాడేసిన గార్నెట్‌ను గోనెసంచుల్లో పేర్చి ఉంచారు. సీసం, క్రోమియం కలిసిన అలాంటి వ్యర్థాన్ని 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రత్యేక శుద్ధి కేంద్రానికి పంపాలి. మన రాష్ట్రంలో విశాఖపట్నం వైపున్న పరవాడ దగ్గర అలాంటి కేంద్రం ఉంది. ఇక్కడి సంచులు ఎక్కడికి పోతాయని అడిగితే, గోతులు పూడ్చుకునేవాళ్ళు పట్టుకుపోతారన్న సమాధానం వచ్చింది. ఒక చిన్న షెడ్డు ఒంటరిగా లారీ కట్టి పరవాడ పంపలేదన్నది నిజమే, కానీ ఒకే వరుసలో ఇలాంటి పని చేసేవారు నలుగురు కలిస్తే పంపగలరు. ఆ మట్టి వానలకు కరిగి ఏ బందరు కాలువలోకో చేరడం ఎవరికీ మంచిది కాదు.

వెనక్కి వచ్చిన భాగాల విషయానికి వస్తే, కార్బురేటర్ మీద గట్టి రేణువులు కొడితే సన్నని దారులు మూసుకుపోతాయి, జింకు మిశ్రమం మెత్తనిది గనుక అంచులు అరిగిపోతాయి. దాన్ని కిరోసిన్‌లోనో, కార్బురేటర్ క్లీనర్‌లోనో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగడమే మార్గం. క్రోమ్ పూతను కాస్టిక్‌లో కరెంటు పెట్టి తీసేవారున్నారు. అప్పుడు పుట్టే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం, చర్మం మీద పుళ్ళు చేస్తుంది. అది అనుమతులున్న ప్లేటింగ్ యూనిట్ చేయవలసిన పనే తప్ప ఇంటి పెరట్లో బకెట్‌తో చేసేది కాదు. పసుపు మెరుపున్న పాత బోల్టుల్లో కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది, దాన్ని గ్రైండర్‌తో రుద్దినా, గ్యాస్ మంటతో కాల్చినా వచ్చే పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వాటిని మార్చి కొత్తవి వేసుకోవడమే చౌక. షాక్ స్ప్రింగులను తుప్పు కోసం యాసిడ్‌లో వేయవద్దని కూడా యజమాని హెచ్చరించారు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి, బరువు పడినప్పుడు స్ప్రింగు ఉన్నట్టుండి విరిగే ప్రమాదం ఉంటుంది. బ్రేక్ డ్రమ్ములను తీసుకునేముందు ఇంట్లోనే తడిగుడ్డతో తుడిచి తెమ్మన్నారు, ఎందుకంటే పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాన్ని కంప్రెసర్ గాలితో ఊదకూడదు. పెట్రోల్ ట్యాంకును కడిగి, మూత తీసి ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాక గానీ ముట్టుకోమన్నారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది కాబట్టి ఈ పట్టుదల నాకు నచ్చింది.

బ్లాస్టింగ్ అయిన ఉక్కు మీద ఏ రక్షణా ఉండదు. వానాకాలపు తేమలో కొన్ని గంటల్లోనే పసుపు ఛాయ తేలుతుంది, వట్టి చేత్తో పట్టుకున్న చోట వేలిముద్రలతో సహా తుప్పు అచ్చు పడుతుంది. ఈ షెడ్డువాళ్ళు మధ్యాహ్నంలోపు బ్లాస్టింగ్ ముగించి, నూనె లేని గాలితో ఊది, ఆ సాయంత్రంలోగానే ఎపాక్సీ ప్రైమర్ కొట్టి ఇస్తారు. దానికి వేరే ధర తీసుకుంటారు, ఇవ్వడం మేలు. "ఇంటికెళ్ళి రేపు కొట్టుకుంటానండీ" అని వట్టి రేకు పట్టుకెళ్ళేవారు తర్వాత వచ్చి తగాదా పెట్టుకుంటారట. ప్రైమర్ సమంగానే పడింది గానీ, మధ్య భాగపు గుల్ల లోపలికి చేరలేదు. అక్కడ నేను వేరుగా మైనపు తుప్పు నిరోధకాన్ని గొట్టంతో పట్టించవలసి వచ్చింది.

మొత్తం ఖర్చు కాస్టిక్ తొట్టికంటే రెట్టింపు దాకా వచ్చింది. ధర బరువును బట్టి కాక భాగాన్ని బట్టి చెబుతారు, టేపు చుట్టే పని ఎక్కువైతే ఇంకొంత కలుపుతారు, ఆ లెక్క ముందే కాగితం మీద రాసిస్తారు. మాట ఇచ్చిన రోజుకు సరుకు ఇవ్వలేదు. లారీ పని వస్తే స్కూటర్ పని వెనక్కి పోతుంది, ఫోన్ చేసి కనుక్కుంటూ ఉండాలి. రేకు బాడీ, అల్యూమినియం భాగాలు ఉన్న పాత బండివాళ్ళు నిశ్చింతగా ఇవ్వవచ్చు. గేటుకో, కిటికీ ఊచలకో రంగు తీయించాలంటే ఇంత ఖర్చు అక్కరలేదు, తడి ఎమరీతో ఇంట్లోనే తీసుకోవచ్చు. పౌడర్ కోటింగ్ ఉన్న అల్లాయ్ చక్రాలు తెచ్చినవారికి మాత్రం ఈ షెడ్డు పనికిరాదు: ఆ సాగే పూత రేణువులను తిప్పికొడుతుంది, దాన్ని కాల్చి తీయబోతే అల్లాయ్ బలం తగ్గుతుంది, ఆ సంగతి వాళ్ళే చెప్పి వెనక్కి పంపుతున్నారు.